మీకు తెలుసా? ‘జుక్కల్’ అంటే 21 బైట్లు

కామారెడ్డి జిల్లాలో అటు మహారాష్ట్రకు, ఇటు కర్ణాటకకు దగ్గరగా ఉన్న జుక్కల్ పేరును తెలుగులో టైప్ చేస్తే, యూటీఎఫ్-8 పద్ధతిలో అది 21 బైట్లు తీసుకుంటుందని మీకు తెలుసా? జ, కొమ్ము, క, పొల్లు, మళ్లీ క, ల, పొల్లు. మొత్తం ఏడు సంకేతాలు, ఒక్కోదానికి 3 బైట్లు.

ఓ పెద్ద ఫైలు మొదట్లో ఈ ఒక్క మాట చేర్చామనుకోండి. కిందున్నదంతా 21 బైట్లు జరిగిపోతుంది. పాత ప్రతి ఉన్న వంద కంప్యూటర్లను ఇప్పుడు సరిచేయాలి. రెండు ఫైళ్లనూ సమాన ముక్కలుగా కోసి, మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో పోలిస్తే దాదాపు ఏదీ కలవదు. చేరింది ఒక్క మాటే, పంపాల్సింది ఫైలంతా! నెట్ అంతంతమాత్రంగా వచ్చే ఊళ్లో ఇది చిన్న భారం కాదు.

ఈ చిక్కుముడి విప్పింది ఆస్ట్రేలియాలో పనిచేసిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్. వాళ్ల ‘ఆర్‌సింక్’ ప్రోగ్రాం 1996లో వచ్చింది. పాత ఫైలున్న కంప్యూటర్ ఒక్కో ముక్కకు చెక్‌సమ్ (ముక్కను గుర్తుపట్టే చిన్న అంకె) లెక్కగట్టి, ఆ అంకెలను మాత్రమే పంపుతుంది. కొత్త ఫైలున్నది ఒక్కో బైటే జరుగుతూ అవి ఎక్కడ కలుస్తాయో వెతుకుతుంది. జరిగిన ప్రతిసారీ లెక్క మొదటికి రాదు. వెనక వదిలిన బైటును తీసేసి, ముందొచ్చినదాన్ని కలిపితే చాలు. ఎంత అందమైన ఆలోచన! 22వ బైటు నుంచి పాత ముక్కలు వరసగా దొరికేస్తాయి. మరో గట్టి చెక్‌సమ్‌తో నిర్ధారించుకున్నాక, అవతలికి వెళ్లే కొత్త సరుకు ‘జుక్కల్’ ఒక్కటే.

మరి వంద కంప్యూటర్లకు ఈ వెతుకులాట వందసార్లా? అక్కర్లేదు. బ్యాచ్ పద్ధతిలో మార్పులను ఒకసారి ఫైలుగా రాసిపెట్టి, అన్నిటికీ వర్తింపజేయవచ్చు. అన్నిట్లో పాత ప్రతి అచ్చంగా ఒకేలా ఉండాలన్నదే షరతు. ఒకే తీరున అమర్చిన స్కూలు ల్యాబులకు ఇది చక్కగా సరిపోతుంది. 2008లో వచ్చిన ఆర్‌సింక్ 3.0తో ఇంకో మేలు జరిగింది. అంతకుముందు ఫైళ్ల జాబితా మొత్తం తయారయ్యాకే పని మొదలయ్యేది. ఇప్పుడు జాబితా కొంచెం కొంచెంగా సిద్ధమవుతుండగానే పంపడమూ సాగుతుంది, మెమరీ కలిసొస్తుంది.

‘డిలీట్’ ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త. పంపే చోట లేని ఫైలును అది అందుకునే చోటా చెరిపేస్తుంది. ముందు ‘డ్రై రన్’ పెట్టండి. ఏవి పోతాయో ఏదీ ముట్టుకోకుండానే చూపిస్తుంది.