కోట్వారు రెండవ చాటింపు

మన పల్లెలలో తలారి డప్పు మూగవోయి ఒక తరము గడచినది. భద్రాచలము వదలి, చింతూరు దాటి, కుంట మీదుగా ఉత్తరమునకు బోవువారికి మాత్రము, ఒకనాడు కేరళ రాష్ట్రముకంటెను విశాలమైన ఒక్క జిల్లాగా నుండి, 1998 మొదలు విభజింపబడుచు నేటికి ఏడు జిల్లాలైన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బస్తరు సీమలో, ఆ ఉద్యోగి యింకను కనబడుచునే యుండును. అచటివా రాయనను కోట్వారందురు. ఆయన చాటింపును మునాదీ యందురు. పంచాయతీ కబురును వాడవాడకు వినిపించుటయు, జననమరణములను లెక్కకెక్కించుటయు, దొంగతనమో అసహజమరణమో సంభవించినచో ఠాణాకు కబురు పంపుటయు ఆయన పనులు. ఈ సీమ మధ్యప్రదేశ్‌లో నున్ననాటి 1959 మధ్యప్రదేశ్ భూ రెవెన్యూ చట్టము ఈ పదవికి ఆధారము కాగా, గ్రామోద్యోగులు దొంగల జాడను, అనుమానాస్పద మరణములను పోలీసులకు వెంటనే తెలుపవలెనని 2024 వరకు అమలునందుండిన 1973నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 40వ సెక్షను విధించినది. ఊరికి చెప్పవలసినవాడును, ఠాణాకు చెప్పవలసినవాడును ఒక్కడే యగుట గమనింపదగినది. చిక్కంతయు అందే యున్నది.

వార్తను చేరవేయుట ఈ సీమవారికి క్రొత్తవిద్య కాదు. 1910లో, అడవులను రిజర్వు చేయుట మొదలైన కారణములచే రగిలిన భూమకాల్ తిరుగుబాటునకు నేతానారు గ్రామవాసి గుండాధూర్ నాయకుడైనపుడు, మామిడికొమ్మలు, మిరపకాయలు, మట్టిగడ్డలు, బాణములు ఊరినుండి ఊరికి చేతులు మారినవి. అక్షరము లేని పల్లెలు వాని భావమును తప్పక గ్రహించినవి. నాకు ఆ కొమ్మకంటె దానిని మోసికొనివచ్చిన మనిషియే ముఖ్యుడుగా తోచును. వాడు పొరుగూరివాడై, ఏ వియ్యంకుడో సంతలో ఎరిగినవాడో యై యుండును గనుక, ఎవరు పంపిరి, నీవు కన్నులార చూచితివా యని వానిని నిలువదీసి అడుగవచ్చును. నేటి సెల్‌ఫోను సందేశమున కొరవడినది ఈ నిలువదీయుటయే.

అడుగుట యనునది యిచట ప్రాణాంతకమైన కాలమును గడచినది. “ఇన్‌ఫార్మర్ నెపముతో” అను మాట మన పత్రికలు చదువువారికి చిరపరిచితము. ఠాణాకు సమాచార మిచ్చెనన్న అనుమానముపై మావోయిస్టుల చేత హతులైనవా రనేకులు. 2005లో మావోయిస్టులకు ఎదురుగా సల్వా జుడుం తలయెత్తిన పిదప ఊళ్లే రెండుగా చీలగా, వేలాది జనులు ఇండ్లు విడిచి నాటి ఖమ్మం జిల్లా అడవులలో తలదాచుకొనిరి. గిరిజన యువకులను స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా ఆ పోరునకు దింపుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పినది. అట్టిచోట “ఆ కాలిబాటలో మందుపాతర యున్నదట, ఇప్పపూవునకు అటు పోవలదవ్వా” అని పొరుగింటి ముసలమ్మకు చెప్పుటయు సాహసమే. నీకెట్లు తెలిసెనని అడుగువారు ఇరుపక్షముల నుందురు. అయినను చెప్పినవారు గలరు. తునికాకునకు, ఇప్పపూవునకు అడవిలోని కేగక గడవని కుటుంబములకు ఆ ఒక్క మాటయే రక్ష.

నేరమనగానే మనకు కన్నులకు గట్టునది చీకటిలో వచ్చిన అపరిచితుడు. మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1943లో ప్రకటించిన ‘మారియా మర్డర్ అండ్ సూయిసైడ్’ అను గ్రంథమున, బస్తరు మారియా గిరిజనులలో జరిగిన నూరు హత్యల వృత్తాంతములను పరిశోధించినాడు. అందు తరచుగా ఎదురగువాడు మత్తులోనో, కుటుంబకలహమునందో, చేతబడి చేసెనన్న శంకతోనో గొడ్డలి యెత్తిన ఇంటివాడు, బంధువు, ఇరుగువాడు. ఆ శంక నేటికిని చావలేదు. ఒంటరి స్త్రీని టోన్హీ, అనగా మంత్రగత్తె, యని ముద్రవేసి హింసించుటను నిషేధించుచు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 2005లో ప్రత్యేకముగా చట్టము చేయవలసివచ్చినది. జాగ్రత్త చెప్పుచున్నామను నెపమున ఒక పేరును ఊరంతట ప్రాకించుట ఎట్టిదో దీనిచే తెలియును.

2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు దేశమంతట ప్రాకగా, జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు నిరపరాధులను గుంపు కొట్టి చంపినది. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మనదేశమున ఒక సందేశమును ఐదు చాట్లకు మించి ఒక్కమారు పంపకుండ కట్టడి చేసినది. అదే సంవత్సరమున మన జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి త్రొక్కిన దారి వేరు: తన కానిస్టేబుళ్లను పల్లెలకు పంపి, జానపద కళాకారులచే పాటలు పాడించి, డప్పు కొట్టించి, వచ్చిన వీడియో నమ్మదగినదో కాదో ముందు అడిగి తెలిసికొనుడని చెప్పించినది. ఫోనునుండి పుట్టిన భయమునకు డప్పుతో మందువేసిన ఆ యుపాయమును తలచినపుడెల్ల నాకు కోట్వారే జ్ఞాపకము వచ్చును.

ఫోను స్వతః దుష్టమైనదనుట నా యభిమతము కాదు. పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో ఆరంభించిన సీజీనెట్ స్వర, సాధారణమైన ఫోనుతోనే బస్తరు వంటి సీమల గిరిజనులకు గొంతు నిచ్చినది. ఒక నంబరునకు ఫోనుచేసి తన ఊరి కబురును తన గొంతుతో పలికి దాచవచ్చును, ఇతరులు దాచిన కబురులు వినవచ్చును. వచ్చిన మాటను వినువార లుండి, పరిశీలించిన పిదపనే దానిని బయలుపరచుదురు. ఈ సీమ గిరిజనులలో పెక్కురు పలుకునట్టి, నీటిని ‘ఏర్’ అను గోండీ మన తెలుగునకు దాయాదియే యైనను, ఆ భాషలో వార్తాపత్రిక దొరకుట దుర్లభము. ఠాణాలో హిందీ, కచేరిలో హిందీ. ముప్పునుగూర్చిన మాట తల్లిభాషలో రాకున్న, దానిలోని భయము మాత్రమే చేరి వివరము దారిలో జారిపోవును.

కావున ఇరుగుపొరుగులకు చెప్పదలచినవాడు ఏది, ఎచట, ఎప్పుడు జరిగినది, ఎవరు స్వయముగా చూచిరి, ఇప్పుడు ఏ దారి విడువవలెను అని చెప్పి ఊరకుండుట మేలు. అనుమానితుని పేరు, కులము, ఊరు చాటింపున కెక్కరాదు. వానిని గూర్చి తెలిసినది 112నకో ఠాణాకో చెప్పవలయును. అత్యాచారమునకు గురియైన స్త్రీ యెవరో తెలియు గుర్తులను ప్రకటించుట చట్టమే నిషేధించినది. మన వాట్సాప్ గుంపులలోని పెద్దమనుషులు దీని నెరుగనట్లే ప్రవర్తింతురు.

మొదటి చాటింపు నెల్లరు చేయుదురు, రెండవదానిని మరతురు. దొంగ పట్టుబడినను, దారి నిర్భయమైనను, నిన్న సంతలో అందరు అనుమానించినవాడు గాజులమ్ముకొను బేహారి యని తేలినను, ఆ సంగతిని అంత గట్టిగాను, అన్ని వాడలలోను, అదే గొంతుతో చెప్పవలెను. లేకున్న మొదటి కేక ఊరిలో తిరుగుచునే యుండును, ఆ బేహారి మరుసటి వారము అదే సంతకు గంప నెత్తుకొని వచ్చును.