నాలుక కింది మాత్ర చెప్పే పాఠం

మేడ్చల్‌లో ఉండే మా మామూ జేబులో ఎప్పుడూ చిన్న మాత్రల షీటు ఒకటి ఉంటుంది. ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తే కూర్చుని, ఒక మాత్ర నాలుక కింద పెట్టుకుంటారు. కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. "బేటా, పిల్లలకు సైన్సు చెప్తావు కదా, ఇంత చిన్న మాత్ర గుండెకు ఏం చేస్తుందో చెప్పు" అని మొన్న అడిగారు. ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఆ మాత్ర నైట్రేట్ జాతి మందు. శరీరంలో దాని నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. రక్తనాళం గోడలోని కండర కణంలో గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. వాయువు తగలగానే అది మేల్కొని, జీటీపీ అనే పదార్థాన్ని సైక్లిక్ జీఎంపీగా మారుస్తుంది. ఇది కణం లోపల తిరిగే కబురు. కబురు అందగానే కండరంలో కాల్షియం తగ్గుతుంది, బిగువు సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. గుండెకు పని భారం తగ్గి నొప్పి తీరుతుంది. తలలోని నాళాలూ సడలుతాయి కాబట్టే కొందరికి తలనొప్పి వస్తుంది. బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు, అందుకే కూర్చుని వేసుకోమంటారు.

1963లో ఎలుకల మూత్రంలో సైక్లిక్ జీఎంపీని గుర్తించారు. నైట్రేట్ మందు గుండె నొప్పికి 19వ శతాబ్దం నుంచే వాడుకలో ఉన్నా, అది నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా పనిచేస్తుందని 1977లో చూపినవారు ఫెరిద్ మురాద్. అల్బేనియన్ వలసదారుడైన ఆయన తండ్రి అమెరికాలో చిన్న హోటల్ నడిపేవారు. కొడుకు ఆ హోటల్లో పనిచేస్తూనే చదువుకుని, 1998లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. శామీర్‌పేట దాటి తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ మీదుగా బస్సులో వెళ్లే మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

తరగతి గదిలో బోర్డు మీద రాసింది తుడవకపోతే తర్వాతి పాఠం సాగదు. కణంలోనూ అంతే. సైక్లిక్ జీఎంపీని తుడిచే డస్టర్ ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైమ్. కంటిలో ఈ తుడుపే కబురు: చీకట్లో సైక్లిక్ జీఎంపీ ఎక్కువగా ఉంటుంది, వెలుతురు పడగానే డస్టర్ దాన్ని తుడుస్తుంది, చూపు సంకేతం మెదడుకు బయలుదేరుతుంది. పేగులో రాత మితిమీరితే అతిసారం. కలుషిత నీటితో వచ్చే కొన్ని ఈ-కోలి క్రిముల విషం అక్కడ సైక్లిక్ జీఎంపీని పెంచేసి, ఉప్పూ నీరూ బయటికి తోడేస్తుంది. అప్పుడు కూడా చక్కెరతో కలిసి ఉప్పు లోపలికి వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఓఆర్ఎస్ ప్రాణం నిలిపేది ఆ దారినే.

ఇక అసలు హెచ్చరిక. సిల్డెనాఫిల్, టడలాఫిల్ అనే మందులు రక్తనాళాల్లోని ఈ డస్టర్‌ను పట్టి ఆపుతాయి. మగవారి సమస్యకు, ఊపిరితిత్తుల నాళాల్లో బీపీ పెరిగినవారికి వీటిని ఇస్తారు. నైట్రేట్ మాత్ర బోర్డు నిండా రాస్తుంటే, ఇవి తుడవనివ్వవు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా కుప్పకూలి ప్రాణం పోవచ్చు. సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా, స్నేహితుడు ఇచ్చాడనో దుకాణంలో అడిగితే దొరికిందనో వేసుకునేవారికి ఈ ముప్పు ఎక్కువ. ఒకటి వేసుకున్న మర్నాడు రెండోది వేసుకున్నా ప్రమాదం తప్పిందనుకోకండి. టడలాఫిల్ ప్రభావం రెండు రోజుల దాకా ఉంటుంది.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు వాడే మందులన్నీ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా దాచకుండా చూపించండి. మాత్ర పెట్టుకున్న ఐదు నిమిషాలకూ నొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మా మామూ జేబులో ఇప్పుడు మాత్రల షీటు పక్కన ఆ చీటీ కూడా ఉంది.