వేలం ముంగిట ఇల్లు: కొనేవారి అపోహలు, వాస్తవాలు

భీమవరం, ఉండి, అమలాపురం వైపు రొయ్యకి రేటు పడిపోతే ముందు చెరువు ఎండుతుంది, తర్వాత ఊళ్ళో మేడ తాకట్టు గుర్తొస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ భయం చాలా ఇళ్ళల్లో మెదిలింది. ఇలా వాయిదాలు తప్పిన ఇళ్ళ కోసం పెట్టుబడి పెట్టేవాళ్ళు వెతుకుతుంటారు. వాళ్ళకి చెప్పే మాటల్లో కొన్ని కొనేవాణ్ణీ ముంచుతాయి, అమ్మేవాణ్ణీ ముంచుతాయి.

అపోహ: "ఇల్లింకా ఆయన పేరు మీదే ఉందండీ. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించేసుకోండి, బ్యాంకు సంగతి తర్వాత చూసుకుందాం."

వాస్తవం: వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబకాయి అవుతుంది. తర్వాత, తాకట్టు ఆస్తిని బ్యాంకే వేలం వేసుకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు వస్తుంది. అది అందిన రోజు నుంచి బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఆ ఇంటిని అమ్మడానికీ, లీజుకివ్వడానికీ వీల్లేదని 13(13) సెక్షన్ చెబుతోంది. మీరిచ్చిన బయానా ఆయన నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన నోటు బాకీలకి పోతుంది. బ్యాంకు బాకీ అలాగే ఉంటుంది, వేలమూ ఆగదు.

ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉందన్న ధీమా కూడా చాలదు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు అన్నిసార్లూ అందులో కనబడదు. అలాంటి తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుముతో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. అన్నిటికంటే ముందు అసలు దస్తావేజు చేతికిమ్మని అడగండి. జిరాక్సులే చూపిస్తున్నారంటే అసలువి ఎక్కడున్నాయో తేలాల్సిందే. పిత్రార్జితమైతే కూతుళ్ళ సంతకాలూ చూడాలి. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఆ వాటా 1985 నుంచే మొదలైంది.

సరైన దారి ఉంది. అమ్మేవాడు, కొనేవాడు, బ్యాంకు మేనేజరు ఒకచోట కూర్చోవాలి. బాకీ ఎంతో బ్యాంకు కాగితం మీద ఇవ్వాలి. ఆ మొత్తం డీడీగా నేరుగా లోను ఖాతాకి, మిగిలింది యజమాని ఖాతాకి వెళ్ళాలి. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలి. 2023లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది.

అపోహ: "వేలంపాట రోజు దాకా బాకీ కట్టి విడిపించుకోవచ్చు."

వాస్తవం: సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణతో ఆ హక్కు వేలం ప్రకటన వెలువడడంతోనే ముగుస్తుంది. 2023లో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేటు ఇంకా దిగుతుందని కొనేవాడు బేరాన్ని రోజులతరబడి సాగదీస్తే, ఆ కుటుంబం చేతిలో ఉన్న ఆఖరి గడువు కరిగిపోతుంది. అది అన్యాయం.

అపోహ: "వేలంలో సగం ధరకే వచ్చేస్తుంది."

వాస్తవం: అధీకృత వాల్యుయర్ అంచనా వేశాకే కనీస ధర పెడతారు. పాట మీ పేరున కొట్టేస్తే ధరావతుతో కలిపి 25 శాతం మర్నాటి పనిదినానికల్లా కట్టాలి, మిగిలింది 15 రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు మూడు నెలల దాకా పెరగొచ్చు. తప్పితే కట్టింది పోతుంది. అమ్మకం "ఉన్నది ఉన్నట్టుగా" జరుగుతుంది. పాత యజమాని కరెంటు బకాయిని కూడా కొన్నవాడి దగ్గర వసూలు చేసే వీలుందని 2023లో కె.సి. నినన్ కేసులో తేలింది. బ్యాంకు స్వాధీనం కాగితం మీదే ఉంటే లోపల ఇంకా సంసారం నడుస్తూనే ఉంటుంది. ఖాళీ చేయించడానికి బ్యాంకు కలెక్టరు లేదా మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఈలోగా యజమాని 45 రోజుల్లో విశాఖపట్నంలోని రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు.

అపోహ: "వరిచేను కూడా ఇలాగే వేలానికొస్తుంది."

వాస్తవం: వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు. అయితే అడంగల్లో రాత ఒక్కటే చూడరు, నిజంగా సాగులో ఉందా లేదా చూస్తారు.

అపోహ: "ఇల్లు మా పేరున రాసేయండి, మూడేళ్ళలో డబ్బు తెస్తే తిరిగి రాసిస్తాం. ఇందులో ఇద్దరికీ లాభమే."

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాట. తిరిగి రాసిస్తామన్న షరతు వేరే కాగితం మీద ఉంటే, ఆస్తి బదిలీ చట్టం 58(సి) ప్రకారం అది తాకట్టు అనిపించుకోదు. పొరుగువాడు మంచివాడని నమ్మి సంతకం పెట్టినవాడికి విడిపించుకునే హక్కు మిగలదు. షరతు అదే దస్తావేజులో ఉంటే కోర్టు దాన్ని తాకట్టుగా చూడొచ్చు, అప్పుడు కొన్నాననుకున్నవాడు అప్పిచ్చినవాడిగా మిగులుతాడు. ఆదుకుంటున్నానని చెప్పి ఇలాంటి కాగితం రాయించుకోవద్దు.

అపోహ: "వేలమైపోతే ఇంటాయనకి పైసా రాదు."

వాస్తవం: ఈ మాట నమ్మే చాలామంది చవగ్గా అమ్మేసుకుంటారు. బాకీ, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలితే అది యజమానిదేనని సర్ఫేసీ చట్టం 13(7) సెక్షన్ చెబుతోంది. తగ్గితే మాత్రం ఆ తేడా ఆయనే కట్టాలి. కాబట్టి బేరానికి కూర్చునే ముందు బ్యాంకు నుంచి బాకీ లెక్క తెప్పించి, చుట్టుపక్కల గజం రేటు పక్కన పెట్టి, రెండూ ఇంటాయన ముందుంచండి. ఆయన భార్య, పిల్లలు కూడా ఆ కాగితాలు చదివాకే ధర చెప్పండి.