పాలెగాని బంటు మొదలు పోలీసు జవాను దాకా

పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని తేరు సాగేనాడు ఆ వీధులలో నిలుచుండి చూచినవారికి ఒక సంగతి తెలియకపోదు. తేరు చుట్టూ జనం ఎంతో, ఆ జనం చుట్టూ ఖాకీ దుస్తుల వరుస అంత. ఊరి వెలుపల పశువుల సంత. కోడెల మెడలలో గంటలు, తువ్వాలు మాటున వ్రేళ్ళు పట్టి బేరాలాడే దళారులు, రొండిన డబ్బు దోపుకొని అదేపనిగా తడిమి చూచుకొనే రైతులు. నాతో వచ్చిన విద్యార్థి ఒకడు ఆ సందడి నడుమ అడిగాడు: "పోలీసులు లేనప్పుడు ఈ సంతకు కావలి ఎవరు సార్?"

"తలారి" అని ఒక్కమాట చెప్పి ఊరకున్నాను. ఇంటికి వచ్చిన తర్వాత ఆ సమాధానం నాకే చాలలేదు. ఒక యుద్ధం ముగిసి, ఏలుబడి మారి, ఆయుధం పట్టిన వేలాదిమంది దిక్కులేక నిలిచినప్పుడు దేశానికి కావలి ఎవరనే ప్రశ్న మన ఆదవాని సీమలోనే పుట్టింది. దానికి సమాధానం వెదకడానికి దొరలకు అరువది యేండ్లు పట్టింది. ఆ కథ మన పాఠ్యపుస్తకాలలో కానరాదు. కనుకనే వ్రాస్తున్నాను.

తెలుగు మాస్టారిని గనుక మాటతోనే మొదలుపెడతాను. తలారి అన్న మాట చిన్నది కాదు. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనాలలో 'మహాతలవర' అనే బిరుదు కనిపిస్తుంది. ఆ తలవరుడే కాలక్రమాన తలారి అయినాడని పండితుల అభిప్రాయం. ఒకనాడు రాజబంధువులు ధరించిన బిరుదు తుదకు ఊరి బయటి గుడిసెలో, చేత కర్ర, భుజాన కంబళితో మిగిలింది. విజయనగరం వైభవంగా ఉన్న 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు అక్కడి నగరరక్షకులు పన్నెండు వేలమంది అని వ్రాశాడు. వారి జీతాలు వేశ్యావాటికల పన్నునుంచి వచ్చేవట! పల్లెలకు అటువంటి ఖజానా లేదు. పల్లె కావలికి జీతం మాన్యం, పంటలో మేర. దానికి ప్రతిగా ఒక కఠినమైన షరతు: దొంగసొత్తు పట్టి ఇవ్వాలి, లేదా నష్టం కట్టుకోవాలి. అడుగుజాడ ఊరి పొలిమేర దాటి పోయినట్లు చూపగలిగితే ఆ భారం పొరుగూరి తలారి మీద పడుతుంది.

ఈ ఏర్పాటు మీద కాలక్రమంలో పాలెగాడు కూర్చున్నాడు. ఊళ్ళన్నిటికీ నేనే కావలి అన్నాడు, కావలి రుసుము తీసుకొన్నాడు, బంట్లను పోషించాడు. స్వల్ప శిస్తుకు భూమి అనుభవిస్తూ పిలిచినప్పుడు కత్తి పట్టి రావలసిన ఈ బంట్లకే కట్టుబడివాండ్రని పేరు. బలమైన ప్రభువు ఉన్నంతకాలం పాలెగాడు కావలివాడు. ప్రభువు బలహీనుడైతే అతడే దోపిడిగాడు. ఈ రెండు వేషాలకూ మధ్య గీత ఎక్కడుందో ఆనాటి రైతుకే తెలియాలి.

ఆదవాని అదృష్టమేమో గాని, పదునెనిమిదవ శతాబ్ది చివరలో ప్రభువులు మారుతూనే ఉన్నారు. నిజాం సోదరుడు బసాలత్ జంగు జాగీరుగా ఉన్న ఈ కోటను 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి పట్టుకొని, బురుజులు పడగొట్టించాడు. తర్వాత మళ్ళీ నిజాము పాలయింది. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయింది. మరుసటి యేడు అక్టోబరులో నిజాము తనకు దక్కిన ఈ సీమలను కంపెనీ పటాలాల ఖర్చు క్రింద కంపెనీకే వదలుకొన్నాడు. అందుకే దత్తమండలాలనే పేరు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అని పేరు పెట్టేదాకా మనం ఆ దత్తపుత్రుల పేరుతోనే బ్రతికాము.

అప్పుడు వచ్చినవాడు థామస్ మన్రో. అనంతపురంలో కాపురం పెట్టిన ప్రధాన కలెక్టరుకు నలుగురు సహాయ కలెక్టర్లు. ఆదవాని భాగం చూచినవాడు విలియం థాకరే, అనంతరకాలంలో ఆంగ్లనవలాకారుడైన థాకరేకు తండ్రి సోదరుడు. వీరి ముందున్న లెక్క భయంకరమైనది. దత్తమండలాలలో ఎనుబదిమంది పాలెగాండ్రు, వారి చేతిక్రింద సుమారు ముప్పదివేల మంది సాయుధులు. సైన్యాధిపతి జనరల్ క్యాంబెల్ పటాలాలు కోట తర్వాత కోటను పట్టుకొన్నాయి. మన్రో పేష్కషు పెంచి, బంట్లను పోషించే స్తోమత పాలెగానికి మిగలకుండా చేశాడు. తిరుగబడినవారిని వెళ్ళగొట్టాడు, కొందరికి భరణాలు ఏర్పరచాడు. ఈ కాఠిన్యాన్ని లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు.

తెర్నేకల్లు సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఆదవానికి తూర్పున ఉన్న ఆ గ్రామపు పెద్ద ముత్తుకూరు గౌడప్ప. అతడు పాలెగాడు కాడు, ఊరి గౌడు. 1801లో శిస్తు విషయమై కంపెనీని ఎదిరించాడు. ఆ చిన్న మట్టికోట మీద పటాలం చేసిన తొలి దాడి విఫలమైంది. ఆ యేడు తిరగకముందే కోట చిక్కింది, గౌడప్పను ఉరితీశారు. శాంతిభద్రతలు నెలకొన్నవని ఆనాటి దొరతనం వ్రాసుకొన్న వాక్యానికి వెనుక ఇటువంటి ఊళ్ళున్నాయి. ఎనుబదిమంది పాలెగాండ్ర పేర్లు అప్పగించగల మా విద్యార్థులలోనూ తెర్నేకల్లు ఎక్కడున్నదో చెప్పగలవారు తక్కువ. ఆదవాని నుంచి బస్సులో అరపూట పట్టదు.

కోటలు పట్టడం సైన్యం పని. ఆ తర్వాత? కత్తి తప్ప వేరు విద్య నేర్వని ముప్పదివేలమంది ఏమి కావాలి? యుద్ధం గెలిచిన ప్రతివానికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. మన కాలంలోనే, 2003 మే నెలలో ఇరాకు సైన్యాన్ని ఒక్క ఉత్తరువుతో రద్దుచేసినప్పుడు లక్షలమంది ఆయుధాలతో వీధిన పడ్డారు. వారిలో ఎందరో తిరుగుబాటు దళాలలో చేరారు. మన్రో రెండువందల యేండ్లనాడు ఈ చిక్కును గుర్తించినట్లే కనిపిస్తుంది. బంట్లలో పలువురిని నాగలికి మళ్ళించాడు. కట్టుబడివాండ్ర మాన్యాలను ఒక్క పెట్టున ఊడ్చివేయలేదు. ఆ మాన్యాలను తర్వాతి దొరలు లాగుకొన్నప్పుడు ఏమైనదో 1846లో కోవెలకుంట్ల ప్రాంతం చూచింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవారిలో మాన్యాలు పోగొట్టుకొన్న కట్టుబడివాండ్రు అధికులు. మన్రోను నేను పొగడడం లేదు. కత్తి లాగుకొన్నవాడు చేతిలో మరొకటి పెట్టాలని అతనికి తెలుసును, అంతే.

ఇక కొత్త కావలి. వంగదేశంలో కారన్‌వాలిస్ నెలకొల్పిన దరోగా పద్ధతిని 1802 శాసనాలతో మద్రాసు రాజధానిలోనూ దించారు. జిల్లా జడ్జీ చేతిక్రింద దరోగా, అతని క్రింద ఠాణాదారు, బంట్రోతులు. ఠాణా అంటే మన 'స్థాన'మే, ఉత్తరదేశం చుట్టి వచ్చింది. మాట మనదే గాని మనిషి మనవాడు కాడు. దరోగాకు ఊరు తెలియదు, ఊరికి దరోగా తెలియడు. పొలిమేర రాయి ఎక్కడున్నదో, ఏ వాగున పశువులు దాటుతాయో తలారికి తెలుసును. కాని తలారి మాటకు కొత్త కచ్చేరిలో విలువ లేకపోయింది. జీతం తీసుకొనేవాడు ఒకడు, జాడ తెలిసినవాడు మరొకడు. దొంగకు ఇంతకంటె మంచి రోజులు ఏముంటాయి? దానికి తోడు ఉత్తరాన తుంగభద్ర దాటితే నిజాము సీమ. తూర్పున 1839 దాకా కందనవోలు నవాబు ఏలుబడి. ఇవతలి ఉత్తరువు అవతల చెల్లదు.

మన్రో 1807లో స్వదేశం పోయి, 1814లో న్యాయవిచారణ సంఘానికి అధ్యక్షుడై తిరిగివచ్చాడు. 1816 శాసనాలు ఆ సంఘం ఫలితమే. వాటిలో పదకొండవది దరోగాలను తొలగించి, కావలిని మళ్ళీ ఊరికే అప్పగించింది. గ్రామపెద్ద, కరణం, తలారి; వారిపై తాసిల్దారు, పట్టణాలలో అమీనులు, కొత్వాళ్ళు; అందరిపైన మేజిస్ట్రేటు అధికారంతో కలెక్టరు. మన పల్లె పద్ధతికి గౌరవం దక్కినదని సంతోషించవచ్చును. అయితే ఆ శాసనాన్ని శ్రద్ధగా చదివినవాడు ఒకచోట ఆగిపోవాలి. చిల్లర నేరాలకు గ్రామపెద్ద కొన్ని గంటలు నిర్బంధించవచ్చును. నేరస్థుడు తక్కువ కులంవాడైతే బొండకొయ్యలో వేయవచ్చును. ఊరిలో ఉన్న ఎచ్చుతగ్గులన్నీ చట్టంలోకి ఎక్కాయి. ఊరి కావలి అంటే ఊరందరి కావలి కాదన్నమాట.

మరొక దోషం నెమ్మదిమీద బయటపడింది. శిస్తు వసూలు చేసేవాడే దొంగను పట్టేవాడూ అయినాడు. మన్రో అది చూడకుండానే పోయాడు. గవర్నరుగా చివరిసారి ఈ సీమకు వచ్చి, 1827 జులై 6న మన పత్తికొండలోనే వాంతిభేదితో మరణించాడు. ఆ తర్వాత ముప్పది యేండ్లకు గాని నిజం కాగితం మీదికి రాలేదు. బ్రిటిష్ పార్లమెంటులో చర్చ జరిగి, మద్రాసులో నియమితమైన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. శిస్తు బకాయి కోసం, నేరం ఒప్పించడం కోసం తాలూకా బంట్రోతులు పెట్టే హింసలు అందులో ఉన్నాయి. వ్రేళ్ళను రెండు కొయ్యల నడుమ బిగించే సాధనాన్ని తెలుగు తాలూకాలలో 'చిరత' అనేవారట. భజనలో తాళం వేసే చిరతలను తలచుకొంటే ఆ మాట ఎంతదూరం దిగజారిందో అర్థమవుతుంది. నడుం వంచి, మెడను కాలికి కట్టి ఎండలో నిలబెట్టేవారు. ఫిర్యాదు చెప్పుకొందామంటే వినవలసినవాడు ఆ తాసిల్దారే.

ఆ సంఘం అధికారాలు వేరుచేయాలన్నది. 1857 విప్లవం దొరతనాన్ని తొందరపెట్టింది. ఫలితం 1859లో వచ్చిన ఇరువదినాల్గవ చట్టం. శిస్తుతో సంబంధం లేని, నెలజీతం గల, ఒకే అధికారి క్రింద రాజధాని అంతటికీ వ్యాపించిన పోలీసు దళం అప్పుడు పుట్టింది. విలియం రాబిన్సను దాని మొదటి అధిపతి. నమూనాలు లండనువి, ఐర్లండువి. ఆదవాని బళ్ళారి జిల్లాలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు గాని మనవైపు రాలేదు. ఆ దినమే మద్రాసు పోలీసునుంచి మన పోలీసు విడివడింది, 1956లో హైదరాబాదు దళంతో ఏకమైంది. అధికారులు, జెండాలు మారాయి. చట్టాలలో మాత్రం పాతవి చాలాకాలం నిలిచాయి.

ఇన్ని మారినా ఊరిలో తలారి ఉండనే ఉన్నాడు. నేను చూచిన తలారి సంగతి చెప్పి ముగిస్తాను. 1978 ప్రాంతం. మాది ఎమ్మిగనూరు దాపులోని పల్లె, మా తండ్రిగారు బడిపంతులు. ఒకనాటి రాత్రి మా ఎద్దు పోయింది. తెల్లవారకముందే తలారి వచ్చాడు. ఎద్దు ముందరి గిట్టకు ఒక చీలిక ఉండేది; తడిసిన రేగడిలో ఆ గుర్తు స్పష్టంగా పడింది. ఎవరూ త్రొక్కకుండా దానిమీద బుట్ట బోర్లించి, దారం ముక్కతో కొలత తీసుకొని నడక సాగించాడు. మధ్యాహ్నానికి తిరిగివచ్చి, "అయివారూ, నా సరిహద్దు అయిపాయ. అవతలోనికి జాడ సూపిచ్చినా" అన్నాడు. ఆ అవతలివాడు మరొకనికి చూపించాడు. జాడ తుంగభద్ర ఇసుకలో కలిసిపోయింది, అవతల కర్ణాటకం. మా తండ్రిగారు స్టేషనుకు పోయి కాగితం వ్రాసి ఇచ్చారు. వారు మర్యాదగానే తీసుకొన్నారు. బుట్ట క్రింది గుర్తు చూడడానికి మాత్రం ఎవరూ రాలేదు. మూడవనాడు వాన వచ్చింది. ఎద్దు దొరకలేదు.

1984 జనవరిలో గ్రామమునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. జాడ ఒప్పజెప్పడానికి తలారికి పైన మనిషి లేకపోయాడు. తర్వాత కొన్నేండ్లకు, ఎమ్మిగనూరు సంత రోజులలో అతడు చలిలో కంబళి కప్పుకొని పొలిమేర రాతివద్ద కూర్చుని ఉండగా మా తండ్రిగారు చూచి, ఎవరు కూర్చోమన్నారని అడిగారట.

"ఎవురు సెప్పల్ల అయివారూ? పశువుల సంత గదా" అన్నాడట.