పక్క గదిలోని కంప్యూటర్

ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, మరో గదిలో ఉన్న కంప్యూటర్‌తో పని చేయించవచ్చు. దీనికి ఇంటర్నెట్ తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. కాని ఒకే భవనంలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి బయటి ప్రపంచంతో సంబంధం అక్కరలేదు.

కంప్యూటర్లను తీగలతో ‘స్విచ్’ అనే పెట్టెకు కలిపితే స్థానిక నెట్‌వర్క్ ఏర్పడుతుంది. ఒక్కొక్క తీగ 100 మీటర్ల వరకు ఉండవచ్చు. వైఫై ద్వారా తీగ లేకుండా కూడా కలపవచ్చు.

ప్రతి కంప్యూటర్‌కు ఒక చిరునామా ఉంటుంది. స్థానిక నెట్‌వర్కుల కోసం 1994లో కొన్ని సంఖ్యలను ప్రత్యేకంగా కేటాయించారు. 192.168తో మొదలయ్యేవి అటువంటివే. 192.168.1.5 అనే చిరునామా హోసూరు బడిలోనూ ఉండవచ్చు, కృష్ణగిరి బడిలోనూ ఉండవచ్చు. రెండు బడుల హాజరుపట్టీల్లోనూ 5వ సంఖ్య విద్యార్థి ఉన్నట్లే ఇది. ఎవరి తరగతిలో వారిని పిలుస్తారు కనుక తికమక రాదు.

మీట నొక్కినప్పుడు, మౌస్ కదిపినప్పుడు ఆ సమాచారం నెట్‌వర్క్ మీదుగా రెండవ కంప్యూటర్‌కు చేరుతుంది. పని అక్కడే జరుగుతుంది. దాని తెరపై మారిన భాగం మాత్రమే బొమ్మగా తిరిగి వస్తుంది. తెర మొత్తాన్ని ప్రతిసారీ పంపనక్కరలేదు కనుక పని త్వరగా సాగుతుంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో ఒక పరిశోధనశాల ఇటువంటి ‘వీఎన్‌సీ’ అనే ప్రోగ్రామును రూపొందించి, 1998లో అందరికీ ఉచితంగా అందించింది.

బడిలో దీని ప్రయోజనం ఎంతో ఉంది. వీధి పలకలపై తెలుగు అంతగా కనిపించని ఊళ్లలో పిల్లలు తెలుగులో టైపు చేయడం బడిలోనే నేర్చుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘క్ష’ రాయడానికి క, పొల్లు, ష అనే మూడింటిని వరుసగా నొక్కవచ్చు. ఒక విద్యార్థి అక్కడ తడబడితే ఉపాధ్యాయుడు తన చోటి నుండే ఆ తెరను చూసి, సరైన వరుసను నొక్కి చూపగలడు. ఇంటర్నెట్ రాని రోజున కూడా పాఠం ఆగదు.

అయితే దీనికి హద్దు ఉంది. హోసూరులోని స్థానిక నెట్‌వర్క్ దానంతట అది సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని కృష్ణగిరిని చేరలేదు. ఊరు దాటాలంటే ఇంటర్నెట్ గాని, మరొక సంధానం గాని కావాలి. దూరపు తెరను చూపే కొన్ని ప్రోగ్రాములు తమ సంస్థ సర్వర్ ద్వారా నడుస్తాయి. అవి పక్క గదిని చేరడానికి కూడా ఇంటర్నెట్ అడగవచ్చు. నేరుగా చిరునామాతో కలిపేవాటికి ఆ అవసరం లేదు.

మరొకరి తెరను చూడడం వారి ఇంట్లో అడుగుపెట్టడం వంటిది. అనుమతి లేనిదే ప్రవేశించరాదు. గట్టి పాస్‌వర్డు పెట్టుకోవాలి. దానిని ఇతరులకు చెప్పరాదు. పని ముగిసిన వెంటనే సంబంధాన్ని తెంచాలి. ఇంటర్నెట్ లేదు కదా అని ఏమరుపాటు తగదు. అదే నెట్‌వర్కులో ఉన్నవారు తెరిచి ఉన్న తలుపు గుండా రాగలరు. సౌకర్యంతో పాటు మర్యాద కూడా తెలిసినవారే ఈ విద్యను సద్వినియోగం చేసుకోగలరు.