సాఫ్ట్‌బాల్ జట్టులో తగ్గే చోటు, పెరిగే స్కాలర్‌షిప్

అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సాఫ్ట్‌బాల్ లెక్కలు 2025లో మారాయి. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దానిపై క్రీడాకారులు వేసిన ‘హౌస్’ దావాలో రాజీ ఒప్పందానికి జడ్జి క్లాడియా విల్కెన్ జూన్ 6న ఆమోదం తెలిపారు.

అంతకుముందు డివిజన్-1 (అగ్రశ్రేణి) జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్పులే ఉండేవి. కోచ్ వాటిని ముక్కలు చేసి పంచేవారు. మంచి పిచ్చర్‌కు ఫీజు మొత్తం, ఇంకో అమ్మాయికి సగం, మరొకరికి పుస్తకాల ఖర్చు. ఏమీ అందకపోయినా ఆడే ‘వాక్-ఆన్’లు (స్కాలర్‌షిప్ లేని ఆటగత్తెలు) ఎంతమందైనా ఉండే వీలుండేది.

ఇప్పుడు ఆ 12 పోయింది. ఒప్పందంలో చేరిన కాలేజీలకు రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా) పరిమితి 25. అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు, ఇచ్చి తీరాలని మాత్రం లేదు. 26వ అమ్మాయి సొంత ఖర్చుతో ఆడతానన్నా చోటుండదు. అప్పటికే జట్లలో ఉన్నవారికి కొంత మినహాయింపు దొరికింది. కొత్తగా వచ్చేవారికి అదీ లేదు. ఈ మార్పులో నష్టపోయేది వాక్-ఆన్‌లేనని నా అభిప్రాయం.

మరి కాలేజీలు 25 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఎందుకివ్వవు? 2025-26లో క్రీడాకారులకు నేరుగా సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా చెల్లించే వీలు కాలేజీకి వచ్చింది. అదనంగా ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో 25 లక్షల డాలర్ల దాకా ఆ పరిమితిలోనే లెక్కిస్తారు. అంటే సాఫ్ట్‌బాల్‌కు ఇచ్చే కొత్త స్కాలర్‌షిప్, ఫుట్‌బాల్‌కు పోయే సొమ్ముతో పోటీ పడాలి. టీవీ రాబడి తెచ్చేది ఫుట్‌బాల్. సాఫ్ట్‌బాల్ చాలాచోట్ల తన ఖర్చు తాను రాబట్టుకోలేదు. సాఫ్ట్‌బాల్‌లో పెద్ద సొమ్ము అసలే లేదని కాదు. టెక్సాస్ టెక్ పిచ్చర్ నిజారీ కెనడీకి 2024లో పది లక్షల డాలర్లు దాటిన ప్రచార ఒప్పందం దొరికింది. అలాంటి అదృష్టం బహు అరుదు.

చదువు మీదా ఆట ప్రభావం ఉంటుంది. సీజన్‌లో ఆటకు వారానికి 20 గంటలే కేటాయించాలన్నది నియమం. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపు ఆడినా 3 గంటలుగానే లెక్కిస్తారు. బస్సులో, విమానంలో గడిచే సమయం లెక్కలోకే రాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా క్లాసులు పోతూనే ఉంటాయి. పైగా మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం పూర్తికాకపోతే ఆడనివ్వరు. జట్టులో చోటు పోయి వేరే కాలేజీకి మారిన అమ్మాయికి పాత క్రెడిట్లన్నీ అక్కడి డిగ్రీలో చెల్లకపోవచ్చు. అప్పుడు ఆ 40 శాతమే గండమవుతుంది.

అమెరికాలో అమ్మాయిని సాఫ్ట్‌బాల్ ఆడిస్తున్న తెలుగు తల్లిదండ్రులు సంతకానికి ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. స్కాలర్‌షిప్ ఎంత, ఎన్నేళ్లకు, జట్టులోంచి తీసేస్తే అది నిలుస్తుందా అన్నది కాగితం మీద రాయించుకోండి. అమ్మాయి ఎంచుకున్న కోర్సు ల్యాబ్ వేళలు ప్రాక్టీసుతో కుదురుతాయో లేదో కోచ్‌ను కాదు, డిపార్ట్‌మెంట్‌ను అడగండి.