అంతర్యుద్ధ గృహలేఖలు: బానిసత్వ హింసకు సాక్ష్యము

యుద్ధమునకు బోయిన పురుషునకు ఇంటినుండి వ్రాయబడిన లేఖలను గృహలేఖలనవచ్చును. అమెరికా అంతర్యుద్ధకాలపు (1861–65) ఇట్టి లేఖలు బానిసత్వచరిత్రకు ముఖ్యాధారములు. అయితే వీనిని సాక్ష్యముగా గైకొనుటకు ముందు, వ్రాసిన చేయి యెవరిది, చదివి వినిపించిన నోరు ఎవరిది యని పరిశోధకుడు విచారింపవలసియున్నది. భిన్నమైన రెండు విధముల లేఖలను పోల్చిచూచినచో ఈ విచారణావశ్యకత స్పష్టమగును.

మొదటివి యజమానురాలి లేఖలు. దక్షిణరాష్ట్రకూటమి 1862 అక్టోబరులో చేసిన చట్టము, 20 మందియో అంతకు మించియో బానిసలుగల కమతమునకు ఒక శ్వేతపురుషుని సైనికసేవనుండి మినహాయించెను. టెక్సాసునందలి గ్రైమ్స్ కౌంటీలో విల్ నెబ్లెట్ అను కమతదారునకు గల బానిసలు 11 మంది మాత్రమే. 1863లో అతడు సైన్యమున చేరగా, కమతభారము భార్యయగు లిజీపై బడెను. బానిసలను దండించుట పురుషుని పనిగా నెంచబడిన సమాజమది. కావున ఆమె పొరుగువాని నొకనిని అందులకై కుదుర్చుకొనెను. అతని చేతిలో సామ్ అను బానిస తీవ్రముగా దెబ్బలు తినెను. లిజీ ఈ వృత్తాంతమును భర్తకు వివరముగా వ్రాసెను. పంటల సంగతులు, బిడ్డల సంగతులు వ్రాసిన కలముతోనే కొరడా సంగతియు వ్రాసెను. భర్త ఇంటనున్నచో దీనిని వ్రాయవలసిన పనియే యుండెడిది కాదు. యుద్ధము ఈ హింసను క్రొత్తగా పుట్టింపలేదు. దానిని కాగితముపైకి దెచ్చినది.

రెండవవి బానిసస్త్రీల లేఖలు. 1863 జనవరి 1 నాటి లింకన్ విమోచనప్రకటన, సమాఖ్యను వీడని మిస్సోరీ రాష్ట్రమునకు వర్తింపలేదు. ఆ యేటి నవంబరులో, యజమాని సమ్మతి లేకున్నను బానిసలు అచట సైన్యమున చేరవచ్చునని ఉత్తరువు వెలువడెను. చేరినవాడు స్వతంత్రుడగును, అతని భార్యాబిడ్డలు బానిసలుగనే మిగులుదురు. ఆ రాష్ట్రమునందలి మెక్సికో అను పట్టణమునుండి మార్తా గ్లోవర్ 1863 డిసెంబరు 30న భర్తకు లేఖ వ్రాయించెను. అతడు సైన్యమున చేరినందులకు తన్ను హింసించుచున్నారనియు, రెండునాళ్ల క్రిందటనే కొట్టిరనియు అందు దెలిపెను. వివాహితులను సైన్యమున చేరుమని తానిక ప్రోత్సహింపజాలననియు స్పష్టముగా జెప్పెను. భర్త స్వేచ్ఛకు భార్య శరీరము మూల్యమైనది.

మిస్సోరీలో నల్లవారికి చదువను వ్రాయను నేర్పుటను 1847 నాటి చట్టము నిషేధించెను. దాని ఫలము 1864 జనవరి 19న ఆన్ అను స్త్రీ ప్యారిస్ అను ఊరినుండి సైనికుడైన భర్తకు పంపిన లేఖలో గానవచ్చును. వ్రాసిపెట్టువారు దొరకనందున ప్రత్యుత్తరము జాగయ్యెనని ఆమె యనెను. తన్ను చూచు తీరు దినదినము విషమించుచున్నదని ఒకటి రెండు వాక్యములలో ముగించి, బిడ్డకు ఒక పూసలపేరు పంపుమని కోరెను. లేఖను వ్రాసిపెట్టిన శ్వేతజాతీయుడు వేరుగా ఒక హెచ్చరిక చేర్చెను: తరచుగా వ్రాయరాదు, భార్య జాబు అందినట్లు ప్రత్యుత్తరమున దెలియనీయరాదు, యజమాని ఆమెను తన యింటికి రానీయకున్నాడు గనుక జాబులను రహస్యముగా చదివి వినిపించుటకు వీలులేదు.

ఈ హెచ్చరికయే మనకు గొప్ప యాధారము. లిజీ లేఖలు దీర్ఘములగుటకును, ఆన్ లేఖ హ్రస్వమగుటకును కారణమొక్కటే: బానిసత్వము. ఒకరికి అది నిర్భయముగా వ్రాయు అధికారము నొసగినది. మరియొకరి చేతినుండి కలమును లాగికొనినది. ఆన్ లేఖయందలి క్లుప్తత హింస స్వల్పమగుటచే గలిగినది కాదు. వ్రాయువాని యెదుట చెప్పగలిగినంత, యజమాని కంటబడినను ప్రమాదము లేనంత మాత్రమే అందు నిలిచినది.

మిస్సోరీలో 1865 జనవరి 11న బానిసత్వము రద్దయ్యెను. టెక్సాసులో ఆ యేటి జూన్ 19న విమోచనాజ్ఞ ప్రకటింపబడెను. లేఖలు మాత్రము నిలిచినవి. పుటల సంఖ్యనుబట్టి సాక్ష్యమును తూచినచో కొట్టించినవారి మాటయే చరిత్రయగును. లేఖలో లేనిది ఎందులకు లేదో నిర్ణయించుటయు లేఖాపరిశోధనమున భాగమే.